సౌర పరిశోధన: సర్కారు సొమ్ము నడిచిన దారి

2025 జనవరి ఆఖరుకు మన దేశ సౌరవిద్యుత్ సామర్థ్యం లక్ష మెగావాట్లు దాటింది. కర్నూలు సోలార్ పార్కు కోసం గని, శకునాల గ్రామాల భూముల్లో కనుచూపు మేర పరిచిన పలకలను చూస్తే ఎవరికైనా గర్వం కలుగుతుంది. ఆ పలకల్లోని సిలికాన్‌ను శుద్ధిచేసే విద్య ఎవరి డబ్బుతో ఎదిగిందని ఆరా తీస్తే మాత్రం మనసు చివుక్కుమంటుంది. డెబ్బయ్యేళ్ల ఈ చరిత్రలో ఏ దేశపు ఖజానా ఎప్పుడు తెరుచుకుంది, ఎప్పుడు మూతపడింది అన్నదే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే విషయం.

1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ సిలికాన్ సెల్‌ను ప్రపంచానికి చూపింది. మీద పడిన ఎండలో నూటికి ఆరు పాళ్లను అది కరెంటుగా మార్చేది. కనిపెట్టింది ప్రైవేటు ప్రయోగశాలే అయినా, అంత ఖరీదైన సరుకును కొనగలిగింది ప్రభుత్వమే. 1958లో వెళ్లిన వాన్‌గార్డ్-1 ఉపగ్రహంలో బ్యాటరీలు కొన్నాళ్లకే చేతులెత్తేశాయి. సౌర సెల్స్ మాత్రం 1964 దాకా సంకేతాలు పంపించాయి.

సెల్స్‌ను అంతరిక్షం నుంచి నేలకు దింపింది 1973 చమురు సంక్షోభం. అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ హయాంలో, 1977లో, కొలరాడోలోని గోల్డెన్ పట్టణంలో ప్రత్యేక సౌర పరిశోధన సంస్థ వెలిసింది. 1979లో శ్వేతసౌధం పైకప్పు మీద నీళ్లు కాచే 32 సౌర ఫలకాలు బిగించారు. తర్వాతి అధ్యక్షుడు రీగన్ రాగానే గోల్డెన్ సంస్థ బడ్జెట్‌కు కోత పడింది, శాస్త్రవేత్తలు రోడ్డున పడ్డారు. 1986లో ఆ ఫలకాలనూ దించేశారు.

1974లో సన్‌షైన్ అనే ఇంధన పరిశోధన పథకం మొదలుపెట్టిన జపాన్, చమురు ధర తగ్గినా దాన్ని వదల్లేదు. ఎండతో నడిచే క్యాలిక్యులేటర్లు మన పిల్లల చేతికొచ్చింది ఆ కాలంలోనే. ఆస్ట్రేలియాలో శాస్త్రవేత్త మార్టిన్ గ్రీన్ బృందం ప్రభుత్వ గ్రాంట్లతోనే సెల్ సామర్థ్యంలో రికార్డులు తిరగరాసింది. ఆయన శిష్యుడు షీ జెంగ్‌రోంగ్ చైనాకు తిరిగివెళ్లి, 2001లో వూషీ నగరపాలకుల పెట్టుబడితో సన్‌టెక్ స్థాపించాడు. 2000లో జర్మనీ చేసిన చట్టం సౌరవిద్యుత్తుకు హామీ ధర ఇచ్చి, ఆ సరుకుకు గిరాకీ సృష్టించింది.

మరి మనం? ఆలస్యంగా మేల్కొన్నామని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. సాహిబాబాద్‌లో 1974లో పెట్టిన ప్రభుత్వరంగ సంస్థ సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ 1977లోనే దేశంలో తొలి సౌర సెల్ తయారుచేసింది, మరుసటి ఏడాది తొలి ప్యానెల్. 1982లో కేంద్రంలో సంప్రదాయేతర ఇంధన విభాగం ఏర్పడింది. పదేళ్లకు అది మంత్రిత్వ శాఖ అయింది.

మనకు తప్పిపోయింది సిలికాన్. ఇసుకను బొగ్గుతో కలిపి కొలిమిలో కాలిస్తే వచ్చే సిలికాన్ సెల్‌కు పనికిరాదు. దాన్ని ట్రైక్లోరోసిలేన్ అనే ద్రవంగా మార్చాలి, పదేపదే స్వేదనం చేసి మలినాలు తీయాలి. ఆ ఆవిరిని హైడ్రోజన్‌తో కలిపి, ఎర్రగా కాగే సన్నని కడ్డీల మీదికి పంపితే శుద్ధ సిలికాన్ పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఈ పనిని బెంగళూరు ఐఐఎస్సీలో ప్రొఫెసర్ ఎ.ఆర్.వాసుదేవ మూర్తి సాధించారు. ఆ పరిజ్ఞానంతో తమిళనాడులోని మెట్టూరులో చిన్న ఫ్యాక్టరీ నడిచింది కూడా. అదే కాలంలో అమెరికా సంస్థ హెమ్‌లాక్ నుంచి టెక్నాలజీ కొని వడోదరలో పెద్ద ఫ్యాక్టరీ కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. శాస్త్రవేత్తల్లో పెద్ద రగడే జరిగింది. చివరికి వడోదర ఫ్యాక్టరీ రాలేదు, మెట్టూరు ఫ్యాక్టరీ నిలబడలేదు. ఆ చిన్న ఫ్యాక్టరీని ఇంకో పదిహేనేళ్లు ప్రభుత్వం సాకి ఉంటే ఇవాళ సిలికాన్ కోసం చైనా వైపు చూడాల్సి వచ్చేది కాదని నా నమ్మకం.

2010లో జాతీయ సౌర మిషన్ వచ్చింది. అదే ఏడాది ఐఐటీ బొంబాయిలో కేంద్రం నిధులతో సౌర సెల్స్ పరిశోధన కేంద్రం తెరిచారు. అంతవరకు మంచిదే. అయితే మిషన్ తొలి విడతల్లో దేశీయ సెల్స్ వాడాలన్న నిబంధన స్ఫటిక సిలికాన్‌కే పెట్టి, పలుచని పొరలతో చేసే థిన్ ఫిల్మ్ పలకలను వదిలేశారు. అమెరికా ఎగ్జిమ్ బ్యాంకు చౌక అప్పులిచ్చి తమ దేశపు థిన్ ఫిల్మ్ పలకలను మన డెవలపర్ల చేత కొనిపించింది. ఒకప్పుడు కోతలు పడ్డ గోల్డెన్ ప్రయోగశాల పరిశోధన ఫలమే ఆ పలకల్లో ఉంది. పైగా మన నిబంధన మీద అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కి, 2016లో గెలిచింది.

డబ్బు లేదనడానికి వీల్లేదు. 2010లోనే టన్ను బొగ్గుకు రూ.50 సుంకం వేశారు. 2016 నాటికి అది రూ.400 అయింది. స్వచ్ఛ ఇంధన పరిశోధనకు, ప్రాజెక్టులకు అని చెప్పి వసూలుచేసిన సుంకం అది. 2017-18 దాకా రూ.86 వేల కోట్లకు పైగా వసూలైతే, స్వచ్ఛ ఇంధన నిధికి చేరింది రూ.30 వేల కోట్ల లోపే. అందులో ఖర్చయింది దాదాపు రూ.16 వేల కోట్లు. జీఎస్టీ వచ్చాక ఆ సుంకం రాష్ట్రాల నష్టపరిహారం ఖాతాలో కలిసిపోయింది. తొలి సెల్ చేసిన సెంట్రల్ ఎలక్ట్రానిక్స్‌ను 2021లో రూ.210 కోట్లకు అమ్మేయడానికి సిద్ధపడ్డారు. తర్వాత ఆ అమ్మకం రద్దయింది.

ఇప్పటి పద్దులు పక్కపక్కన పెట్టి చూడండి. ఇళ్ల పైకప్పుల సూర్యఘర్ పథకానికి రూ.75,021 కోట్లు. ప్యానెళ్ల తయారీ ప్రోత్సాహకాలకు రెండు విడతల్లో రూ.24,000 కోట్లు. పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ పరిశోధన కార్యక్రమానికి 2021-22 నుంచి 2025-26 వరకు, అయిదేళ్లకు, రూ.228 కోట్లు. అదీ ఒక్క సౌరశక్తికే కాదు, గాలి, బయోగ్యాస్, హైడ్రోజన్ అన్నిటికీ కలిపి.

తర్వాతి అయిదేళ్ల పద్దు కనీసం పదింతలు కావాలి. ప్రభుత్వాలు మారినా కోత పడని ఏర్పాటుతో, అది ఒక్క మంత్రిత్వ శాఖ గడప దగ్గరే ఆగకుండా యూనివర్సిటీ ల్యాబుల దాకా చేరాలి. ఈసారి బడ్జెట్ సమావేశాల్లో ఆ పద్దు ఎంతో అడగమని మన ఎంపీలకు మనం చెప్పాలి.