కమాండ్ లైన్ నుంచి ఇన్‌స్టలేషన్: ప్యాకేజీ మేనేజర్ల పరిణామం, తెలుగు ఫాంట్ల ప్రవేశం

1990ల తొలినాళ్లలో లినక్స్ వాడేవారు కొత్త ప్రోగ్రాం కావాలంటే చాలాసార్లు దాని సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్ రాసిన మూలరూపాన్ని, తెచ్చుకొని తమ కంప్యూటర్లోనే కంపైల్ చేసుకోవలసి వచ్చేది. అసలు చిక్కు ఆ తరువాత మొదలయ్యేది. ఏ ఫైలు ఏ ప్రోగ్రాముకు చెందినదో, ఒకదాన్ని తీసివేస్తే మరేది ఆగిపోతుందో చెప్పే లెక్క ఎక్కడా ఉండేది కాదు.

1993 ఆగస్టులో ఇయన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ అనే లినక్స్ పంపిణీ ఈ లోటును గుర్తించింది. దాని డీపీకేజీ అనే సాధనాన్ని 1994లో ఇయన్ జాక్సన్ చాలావరకు తిరగరాశారు. అది వాడే డెబ్ ఫైలులో, అంటే ఒక ప్రోగ్రాం ఫైళ్లన్నీ కట్టిన ప్యాకేజీలో, ఫైలు రూపాన్ని తెలిపే చిన్న గుర్తు, ప్యాకేజీ పేరు, వెర్షన్, అవసరాలు నమోదు చేసిన వివరాల కట్ట, అసలు ఫైళ్ల కట్ట అని మూడు భాగాలుంటాయి. సాలూరు నుంచి ఒడిశా ఘాట్ ఎక్కే లారీలో సరుకుతోపాటు వేబిల్లు వెళ్లినట్టే, ప్యాకేజీతోపాటు దాని వివరాలూ వెళ్తాయి. 1995లో రెడ్‌హ్యాట్ అనే మరో పంపిణీ ఆర్‌పీఎం అనే సాధనంతో ఇదే దారి పట్టింది. అయితే ఒక ప్యాకేజీ పనిచేయడానికి మరొకటి కావలసినప్పుడు (దాన్నే డిపెండెన్సీ అంటారు) ఈ సాధనాలు ఫలానాది లేదని చెప్పి ఆగిపోయేవి. వెతికి తెచ్చే భారం వాడుకరిదే. 1999 మార్చిలో విడుదలైన డెబియన్ 2.1తో వచ్చిన ఆప్ట్, రిపాజిటరీ అనే ప్యాకేజీల భాండారంలోని జాబితాలను చదివి, కావలసినవన్నీ తానే లెక్కగట్టి తెచ్చే పద్ధతిని స్థిరపరచింది. ఈ చరిత్రలో ఇంతకు మించిన మలుపు లేదనడం అతిశయోక్తి కాదు.

ఇలా వచ్చిన ప్యాకేజీ ఎవరు పంపినదో తేల్చే డిజిటల్ సంతకాల పరిశీలన 2007 నాటి డెబియన్ 4.0లో భాగమైంది. కాని సంతకం పంపినవారికి పూచీ పడుతుందే తప్ప లోపలి కోడ్‌కు కాదని, 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాధనంలో బయటపడిన దొంగదారి గట్టిగా హెచ్చరించింది.

తెలుగువారికి ఈ పరిణామం అక్షరాల రూపంలో అందింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు, సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన తెలుగువిజయం ఫాంట్లు డెబియన్ ప్యాకేజీలయ్యాయి. ఎవరైనా వాడి, పంచి, మార్చుకోగల స్వేచ్ఛా లైసెన్సులే వాటికి భాండారంలో చోటిచ్చాయి. ఆ ఉదారత లేకపోతే ఎంత చక్కని ఫాంటైనా ప్రధాన భాండారంలోకి రాదు. తెలుగువిజయం ఫాంట్లలో గురజాడ, గిడుగు పేర్లతో ఉన్నవి ఉత్తరాంధ్రకు ప్రత్యేకంగా ఆప్తమైనవి; విజయనగరంలో కన్యాశుల్కం రాసిన గురజాడ అప్పారావు, వాడుక భాష కోసం పోరాడి, సవర భాషకు నిఘంటువు, వ్యాకరణం కూర్చిన గిడుగు వెంకట రామమూర్తి ఈ ప్రాంతపు మనుషులే. ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-తెలుగువిజయం’ అని టైపు చేస్తే, ఆప్ట్ ప్యాకేజీని తెచ్చి సరిచూస్తుంది, డీపీకేజీ దాన్ని విప్పుతుంది, చివర ఫాంట్లను గుర్తుపెట్టుకునే ఫాంట్‌కాన్ఫిగ్ అనే సాధనం తన జాబితాను తాజా చేసుకుంటుంది. పాచిపెంట కొండల్లో నెట్ అందని చోటికి ఆ ఒక్క డెబ్ ఫైలును పెన్‌డ్రైవులో తీసుకువెళ్లి డీపీకేజీతో నేరుగా ఎక్కించవచ్చు; ఫాంటు ప్యాకేజీలకు సాధారణంగా వేరే డిపెండెన్సీలు ఉండవు కనుక ఆప్ట్ తోడు లేకపోయినా పని ఆగదు.