బుడమేరు బాట

మునగాల మీదుగా పోవు రహదారి కోదాడ, జగ్గయ్యపేట, నందిగామలను దాటి, ఇబ్రహీంపట్నము మీదుగా విజయవాడ చేరును. చుట్టును నైజాము సీమయే అయినను, మునగాల పరగణా చిరకాలము కృష్ణా జిల్లాలో ఉండి, 1959లో నల్లగొండ జిల్లాలో చేరినది. కనుక విజయవాడ బాట ఆ సీమవారికి పరాయిది కాదు. 2024 సెప్టెంబరు 1వ తేదీన ఈ బాటకు రెండు వైపులను జలప్రళయమే. ఇటు మునగాల పొరుగున, నడిగూడెం మండలమున, నాగార్జునసాగర్ ఎడమ కాలువకు గండి పడినది. అటు విజయవాడలో ఒక చిన్న ఏరు పేటలకు పేటలనే ముంచివేసినది. ఆ ఏరు బుడమేరు.

కృష్ణానది ముందు బుడమేరు ఎంతటిది? మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టి, వానకాలమున ఉరికి, వేసవిలో సన్నగిల్లి, తుదకు కొల్లేటిలో కలియు వాగు. బెజవాడ కథ చెప్పువారు సాధారణముగా కృష్ణ కథయే చెప్పుదురు. 1855లో పూర్తియైన ఆనకట్ట, 1957 నాటి ప్రకాశం బరాజు, డెల్టాకు అన్నము పెట్టిన కాలువలు అందరికి తెలిసినవే. బుడమేటికి దక్కినది మాత్రము బెజవాడ దుఃఖదాయిని అను పేరు.

ఆ దుఃఖమును బాపుటకే గత శతాబ్దమున వెలగలేరు వద్ద తలుపుల రెగ్యులేటరు కట్టిరి. అక్కడినుండి మళ్ళింపు కాలువ త్రవ్వి, వరదనీటిని బరాజుకు ఎగువన, ఇబ్రహీంపట్నము వద్ద, కృష్ణలోనికి త్రిప్పిరి. ఆలోచన మంచిదే. కాని నీరు తగ్గినకొలది నగరములోని పాత పాయ మురుగుకాలువవలె కనబడజొచ్చినది. ఏరు అను మాటయే జనులు మరచిరి. సింగునగరు, పాయకాపురము వైపు పల్లపు నేలలలో ఇండ్లు లేచినవి. అక్కడ ఇల్లు కట్టుకొన్నవారిలో పలువురు మెరకనేల కొనజాలని పేదలు.

2005లో వాగు పొంగి హెచ్చరిక చేసినది. 2024లో వెలగలేరు తలుపులు ఎత్తవలసి వచ్చెను. మళ్ళింపు కాలువ కట్టకు మూడు గండ్లు పడెను. అప్పుడే కృష్ణయు పరవళ్ళు త్రొక్కుచుండెను. సెప్టెంబరు 2న బరాజు వద్ద సెకనుకు 11 లక్షల ఘనపుటడుగులకు మించి నీరు పారినది. పెద్దనది నిండియుండగా చిన్న కాలువ నీటికి దారి యేది? జనులు దినములకొలది మిద్దెలపై చిక్కుబడిరి. పాలు, మంచినీళ్ళు పడవలపై వచ్చినవి. గండ్లు పూడ్చు పనిలో సైనికులును పాల్గొనిరి.

నీటిని మళ్ళింపవచ్చును గాని, పల్లమును మళ్ళింపజాలము. మళ్ళింపు కాలువ ఎంత వెడల్పైనను, కృష్ణ పొంగిన నాడు బుడమేటికి తన పాత బాట కావలసియే ఉండును. ఆ బాటకు హద్దురాళ్ళు నాటవలసినది వరద నాడు కాదు, ఏరు ఎండిన నాడే. అంతకుముందు ఆ బాటలో కాపురమున్నవారికి మెరకన గూడు చూపవలెను.