పర్యావరణ ప్రభావ మదింపు

పర్యావరణ ప్రభావ మదింపు అనగా ఆనకట్ట, గని, కర్మాగారం, రహదారి వంటి ప్రాజెక్టును మొదలుపెట్టక మునుపే, దాని వలన నేల, నీరు, గాలి, జీవరాశులు, ప్రజల జీవనంపై కలుగగల మార్పులను పరిశీలించి లెక్కగట్టే పద్ధతి. పత్రికలలో దీనిని ఈఐఏ అని కూడా వ్యవహరిస్తారు. ఈ నిర్వచనంలో ముఖ్యమైన మాట "మునుపే". పూడ్చివేసిన చిత్తడి నేలను గాని, గాలిలో కలిసిన బొగ్గుపులుసు వాయువును గాని తిరిగి రాబట్టడం మిక్కిలి కష్టం.

చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1970 జనవరి 1న సంతకమైన జాతీయ పర్యావరణ విధాన చట్టంతో ఈ పద్ధతి చట్టరూపం దాల్చింది. 1992 నాటి రియో ప్రకటనలోని 17వ సూత్రం కూడా దీనిని పేర్కొన్నది. భారతదేశంలో 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం క్రింద 1994 జనవరి 27న తొలి నోటిఫికేషను వెలువడింది. దాని స్థానంలో వచ్చిన 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషను అనేక సవరణలతో అమలులో ఉన్నది.

భారతదేశంలో విధానం

పెద్ద ప్రాజెక్టులు "ఎ" వర్గంగా కేంద్ర ప్రభుత్వ పరిశీలనకు, మిగిలినవి "బి" వర్గంగా సాధారణంగా రాష్ట్రస్థాయి సంస్థ పరిశీలనకు వెళతాయి. ముసాయిదా నివేదిక తయారైన పిమ్మట, కనీసం 30 రోజుల ముందు పత్రికా ప్రకటన ఇచ్చి, కాలుష్య నియంత్రణ మండలి ఆధ్వర్యంలో ప్రజాభిప్రాయ సేకరణ సభ జరుపుతారు. నివేదిక సారాంశం స్థానిక భాషలో లభిస్తుంది. వందల పుటల పూర్తి పాఠం సాధారణంగా ఆంగ్లంలోనే ఉంటుంది. సభకు వచ్చే రైతుకు కావలసిన వివరాలు తరచు ఆ పూర్తి పాఠంలోనే ఉంటాయి.

నివేదికను వ్రాసే సలహాసంస్థకు రుసుము చెల్లించేది ప్రాజెక్టు యజమానియే అన్నది దీనిపై ఉన్న ప్రధాన విమర్శ. అంతకంటె తక్కువగా చర్చకు వచ్చే లోపం మరొకటి ఉన్నది. చాలా రకాల ప్రాజెక్టులకు వర్షాకాలం కాని ఒక ఋతువులో సేకరించిన సమాచారం చాలును. వానలకు నిండి, పక్షులకూ చేపలకూ ఆశ్రయమిచ్చే నేల వేసవిలో చూచినవారికి బీడుగా కనబడవచ్చును.

సోంపేట బీల

శ్రీకాకుళం జిల్లా సోంపేట వద్ద గల చిత్తడి నేలను స్థానికులు "బీల" అంటారు. చుట్టుప్రక్కల గ్రామాల సేద్యానికి, చేపల వేటకు, పశువుల మేతకు ఇదే ఆధారం. ఇక్కడ 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని ప్రతిపాదించగా, 2009లో పర్యావరణ అనుమతి లభించింది. అది చిత్తడి నేల అన్న సంగతి ఆ అనుమతిలో లెక్కకు రాలేదు. 2010 జూలై 14న నిరసనకారులపై పోలీసులు జరిపిన కాల్పులలో ఇద్దరు మరణించారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేటు అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. తొలి నివేదికలోనే బీలను బీలగా వ్రాసి ఉండినచో ఈ వివాదం అంతదూరం వెళ్ళవలసిన అవసరం ఉండేది కాదేమో.

వాతావరణ లక్ష్యాలు

ఏ కాలుష్యం వరకు లెక్కించాలి అన్నది మరొక చిక్కు. ఇంగ్లాండులోని సర్రే కౌంటీలో హార్స్ హిల్ చమురు బావుల విషయంలో, తవ్వకం వలన వెలువడే వాయువులనే కాక, ఆ చమురును పిమ్మట ఎక్కడో కాల్చినప్పుడు వెలువడే వాయువులను కూడా మదింపు చేయవలసినదేనని ఆ దేశపు సుప్రీంకోర్టు 2024 జూన్ 20న 3-2 మెజారిటీతో తీర్పు ఇచ్చింది. చమురులో హెచ్చుభాగం కాలుష్యం కాల్చినప్పుడే కలుగుతుంది కనుక ఈ తీర్పు చాలా ముఖ్యమైనది.

ప్రకృతి పునరుద్ధరణ

2022 డిసెంబరులో కుదిరిన కున్మింగ్-మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, 2030 నాటికి దెబ్బతిన్న ఆవరణ వ్యవస్థలలో కనీసం 30 శాతం పునరుద్ధరణలో ఉండవలెను. ఈ లక్ష్యమూ, వాతావరణ లక్ష్యమూ ఎల్లప్పుడూ ఒకే దారిన నడవవు. భారతదేశంలో సౌర విద్యుత్ కేంద్రాలకు 2006 నోటిఫికేషను క్రింద ముందస్తు అనుమతి అవసరం లేదు. రాజస్థాన్ ఎడారిలో వాటి విద్యుత్ తీగలకు తగిలి బట్టమేక పక్షులు మరణిస్తున్నాయి. ఎదుటనున్న తీగను ఈ పక్షి సరిగా చూడలేదు. 2021లో తీగలను భూమిలో వేయవలెనన్న సుప్రీంకోర్టు, 2024 మార్చి 21న ఆ ఆదేశాన్ని సడలించి విషయాన్ని నిపుణుల సంఘానికి అప్పగించింది. ఒకప్పుడు ఈ పక్షులకు పేరుపొందిన రోళ్ళపాడు అభయారణ్యం నేటి నంద్యాల జిల్లాలో ఉన్నది.