ఐఎస్ఐ గుర్తు: అమ్మేవాడికా, వాడేవాడికా?

ధవళేశ్వరం బ్యారేజీ మీద బండి నడిపేవారి హెల్మెట్ వెనక చూస్తే చిన్న ముద్ర కనిపించాలి: పైన హెల్మెట్ల ప్రమాణం సంఖ్య ఐఎస్ 4151, నడుమ ఐఎస్ఐ గుర్తు, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు సంఖ్య. మన దేశంలో వస్తువుల మీద కనిపించే భద్రతా ముద్రలు చాలావరకు తయారీదారునీ, అమ్మకందారునీ కట్టడి చేసేవే. హెల్మెట్ మీది ముద్ర మాత్రం పెట్టుకున్నవాడి దాకా వస్తుంది.

భారతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఐ) 1947 జనవరి 6న ఏర్పడింది. ముద్ర వేయించే అధికారం 1952 చట్టంతో వచ్చింది. 1987 ఏప్రిల్ 1 నుంచి సంస్థ బీఐఎస్ అయింది కానీ, గుర్తులోనూ జనం నోటా పాత పేరే నిలిచింది.

ముద్ర తీసుకోవడం మొదట్లో ప్రధానంగా తయారీదారు ఇష్టమే. తర్వాత కేంద్రం నాణ్యతా నియంత్రణ ఉత్తర్వులతో ఒక్కో వస్తువుకూ తప్పనిసరి చేస్తూ వచ్చింది. 2016 నాటి బీఐఎస్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, అలాంటి వస్తువును ముద్ర లేకుండా తయారు చేయకూడదు, దిగుమతి చేసుకోకూడదు, అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, అమ్మకానికి పెట్టకూడదు. ఇంట్లో వాడుకోవడం ఆ జాబితాలో లేదు. అది మరిచిపోవడం కాదు, కావాలని వదిలిందే అనిపిస్తుంది.

ప్రెషర్ కుక్కర్లకు ఈ ముద్ర 2021 ఫిబ్రవరి 1 నుంచి తప్పనిసరి. ముద్ర లేని కుక్కర్ల అమ్మకానికి చోటిచ్చినందుకు 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా వేసింది. అమ్ముడైన 2,265 కుక్కర్లను కొన్నవారందరికీ విషయం తెలిపి, వాటిని వెనక్కి తీసుకుని, డబ్బు తిరిగివ్వమంది. వాటిలో పప్పు ఉడికించినవాళ్లను ఎవరూ ఏమీ అనలేదు.

బంగారం సంగతీ అంతే. హాల్‌మార్క్ 2021 జూన్ 16 నుంచి తొలి విడతగా 256 జిల్లాల్లో తప్పనిసరైంది. ఆ నిబంధన నగల వ్యాపారికి; అమ్మమ్మ ఇచ్చిన కాసులపేరుకు ముద్ర లేకపోయినా వేసుకోవచ్చు, కొట్టులో అమ్ముకోనూవచ్చు.

హెల్మెట్ దారి వేరు. దాన్ని పెట్టుకోమన్నది బీఐఎస్ చట్టం కాదు, 1988 మోటారు వాహనాల చట్టం. అందులోని 129వ సెక్షన్ తలకు ఏదో ఒక టోపీ ఉంటే చాలదని, బీఐఎస్ ప్రమాణానికి తగినదే ఉండాలని రాసింది. ఉల్లంఘనకు 2019 సవరణ వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సు అనర్హత పెట్టింది. ముద్ర లేని హెల్మెట్ల అమ్మకాన్ని ఆపే ఉత్తర్వు అమల్లోకి వచ్చింది మాత్రం చాలా ఆలస్యంగా, 2021 జూన్ 1న. అంతవరకు నియమం కొన్నవాడి నెత్తిన, సరుకు రోడ్డు పక్కన.

అమెరికా నుంచి వచ్చిన కొడుకు తెచ్చిన హెల్మెట్ మీద డాట్ అని ఉండవచ్చు. అది తయారీదారు తానే పూచీ పడి వేసుకునే ముద్ర; అక్కడి రోడ్లకు చాలుతుంది, ఐఎస్ 4151 కింద లైసెన్సు మాత్రం కాదు.