రబ్బరు పాలు తీసిన పిల్ల అసెంబ్లీకి ఎలా వెళ్లింది: మరీనా సిల్వా



అడవి సంరక్షణ అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది ఫారెస్టోళ్లు, కందకాలు, కేసులు. అడవి బతకాలంటే ముందు అందులో ఉన్నోళ్లని బయటికి పంపాలనే లెక్క. ఈ లెక్కని తిరగేసిన వాళ్లు బ్రెజిల్‌లో ఉన్నారు. వాళ్లలో మరీనా సిల్వా ఒకరు.

ఆమె ఆదివాసీ కాదు, ముందే చెప్తున్నా. 1958లో ఆక్రే రాష్ట్రంలో రబ్బరు పాలు తీసే కుటుంబంలో పుట్టింది. పదకొండు మంది పుడితే ఎనిమిది మందే బతికారు. రబ్బరు అంటే తోట కాదు, అమెజాన్ అడవిలో తనంతట తాను పెరిగే చెట్లు. తెల్లారకముందే కాలిబాట పట్టుకుని చెట్టు చెట్టుకీ వెళ్లి, బెరడు మీద ఏటవాలుగా గీత పెట్టి, కింద గిన్నె కట్టాలి. తిరిగొచ్చేటప్పుడు ఆ పాలు పోగుచేసుకోవాలి. బియ్యం, ఉప్పు, కత్తి అన్నీ యజమాని కొట్లోనే అప్పుకి తేవాలి, రబ్బరు ఆయనకే ఇవ్వాలి. ఏడాది తిరిగేసరికి ఇంకా బాకీయే. ఏజెన్సీలో షావుకార్ల పద్దులు చూసిన మన తాతలకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

పదహారేళ్ల దాకా ఆమెకి చదువు రాదు. జబ్బు చేసి వైద్యం కోసం రియో బ్రాంకో పట్నం వచ్చింది, ఇళ్లల్లో పాచిపని చేస్తూ వయోజన విద్యలో అక్షరాలు నేర్చుకుంది. 1984లో, 26 ఏళ్ల వయసులో, చరిత్రలో డిగ్రీ పూర్తి చేసింది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట కాబట్టి, ఈ పదేళ్ల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

అప్పటికే పశువుల పెంపకందారులు అడవి కొని నరికిస్తున్నారు. రబ్బరు కార్మికులు ఆడవాళ్లతో, పిల్లలతో సహా వెళ్లి రంపాల ముందు నిలబడేవాళ్లు. దీన్ని ‘ఎంపాచే’ అంటారు. నాయకుడు చికో మెండెస్, ఆయన పక్కన మరీనా. ఇక్కడ మనం గమనించాల్సింది ఇంకోటి ఉంది. ఒకప్పుడు అదే రబ్బరు కోసం యజమానులు అక్కడి ఆదివాసీలని తరిమారు, చంపారు. రబ్బరు తీసేవాళ్లని వాళ్ల మీదికి ఉసిగొల్పారు కూడా. అలాంటి రెండు వర్గాలు 1980లలో కూటమి కట్టాయి. నా దృష్టిలో చెట్లని ఆపడం కంటే ఇదే కష్టమైన పని.

1988 నవంబర్‌లో మరీనా రియో బ్రాంకో నగర కౌన్సిలర్‌గా గెలిచింది. నెల తిరగ్గానే, డిసెంబర్ 22న, చికోని ఆయన ఇంటి దగ్గరే కాల్చి చంపారు. ఆమె వెనక్కి తగ్గలేదు. కౌన్సిలర్లకి వచ్చే అదనపు సౌకర్యాల డబ్బు తిరిగి ఇచ్చేసి, అది ఎంతో జనానికి చెప్పింది. తోటి సభ్యులకి ఎంత మండి ఉంటుందో ఊహించుకోండి! 1990లో రాష్ట్ర అసెంబ్లీకి నిలబడితే రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ ఓట్లు ఆమెకే వచ్చాయి. ఆ పదవిలో ఉండగానే ఒంట్లో పాదరసం చేరిందని తేలి, చాలాకాలం మంచం పట్టింది.

అదే ఏడాది ఉద్యమం అడిగిన ‘రిజర్వులు’ వచ్చాయి. భూమి ప్రభుత్వానిది, వాడుకునే హక్కు అక్కడి జనానిది, ఇష్టమొచ్చినట్టు నరికి అమ్ముకోవడానికి వీల్లేదు. చికో పేరు మీద పెట్టినదే దాదాపు 9.7 లక్షల హెక్టార్లు. మన 2006 అటవీ హక్కుల చట్టంలో గ్రామసభకి ఇచ్చే సామాజిక అటవీ వనరుల హక్కుకి ఇది దగ్గరగా ఉంటుంది, అదీ పదహారేళ్ల ముందు.

1994లో సెనేటర్, 2003లో దేశ పర్యావరణ మంత్రి. 2004లో అమెజాన్‌లో 27,700 చదరపు కిలోమీటర్లకి పైగా అడవి పోయింది. ఉపగ్రహాలతో నిఘా, దాడులు, కొత్త రక్షిత ప్రాంతాలతో 2007కి అది 11,600 దగ్గరికి దిగింది. కానీ మదైరా నది మీద రెండు పెద్ద డ్యాములకి ప్రాథమిక అనుమతి వచ్చింది కూడా ఆమె మంత్రిగా ఉన్న 2007లోనే. పొగిడేవాళ్లు దీన్ని దాటేస్తారు, మనం దాటేయకూడదు. ప్రభుత్వంలోనే పెద్ద రైతుల వైపు, డ్యాముల వైపు మొగ్గు పెరగడంతో 2008 మేలో రాజీనామా చేసింది.

మూడుసార్లు అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడింది. మూడోసారి, 2018లో, వచ్చింది ఒక్క శాతం ఓట్లు. 2023లో మళ్లీ అదే శాఖ తీసుకుంది. 2022లో 11,500 చదరపు కిలోమీటర్లు దాటిన నరికివేత 2024కి 6,300 దగ్గరికి వచ్చింది.