విద్యార్థి విడిచిన పాఠము



గడచిన సంక్రాంతికి నేను మా గ్రామమునకు పోయినప్పుడు, మా వీధి పెద్దయొకరు నన్ను అరుగుమీద కూర్చుండబెట్టి, అమెరికాలో బి.ఎస్. చదువుచున్న మనుమని సంగతి మెల్లగా కదపిరి. "వాడొక కోర్సు డ్రాపు చేసినాడట నాయనా! మూడెకరములు తాకట్టు పెట్టి పంపితిమి. ఇక చదువు మానినట్లే గదా?" అని ఆయన కంఠము వణకెను. ఆ భయము నిష్కారణము కాదు. మన వాడుకలో చదువు విడుచుట యన్న పెట్టె సర్దుకొని యింటికి వచ్చుటయే. ఆ దేశమున ఈ మాటకు అర్థము వేరు. దానికొక చరిత్ర కలదు.

పూర్వము అచ్చటి కళాశాలలలో గ్రీకు, లాటిను, గణితము అందరికిని ఒకటే వడ్డన. జెఫర్సను స్థాపించిన వర్జీనియా విశ్వవిద్యాలయము 1825లో తెఱువబడినప్పుడు, ఏ శాఖలో చదువవలెనో విద్యార్థియే యెంచుకొనుటకు వీలు కలిగెను. కాని ఈ పద్ధతికి బలము చేకూర్చినవాడు చార్లెస్ ఎలియట్. రసాయనశాస్త్రము బోధించిన ఈయన, 1869లో 35 ఏండ్ల ప్రాయమున హార్వర్డుకు అధ్యక్షుడై, నలువది యేండ్లు ఆ పదవిలో నుండెను. నిర్బంధ పాఠ్యములను ఆయన ఒక్కమాఱుగా పెఱికివేయలేదు. పై తరగతినుండి క్రిందికి దిగుచు వచ్చెను: 1872 నాటికి నాల్గవ యేటివారికి, 1879 నాటికి మూడవ యేటివారికి, 1884 నాటికి రెండవ యేటివారికి అవి తొలగెను. ఆ నెమ్మదియే ఆయన నేర్పని నా తలంపు.

స్వేచ్ఛకు చీడయు పట్టెను. సులభమైన పాఠములనే యేఱుకొనువారు బయలుదేఱిరి. కూరలన్నియు వడ్డించుకొని అన్నము మఱచిన విస్తరివలె నుండెను వారి చదువు. 1909లో అధ్యక్షుడైన లోవెలు, ఒక విషయమున లోతును, తక్కిన కొన్నిట పరిచయమును ఉండవలెనని కట్టుబాటు చేసెను.

చదువు ఇట్లు విడివిడి కోర్సులుగా, క్రెడిట్ల లెక్కగా మాఱినందున, ఒక యిటుక తీసినను గోడ కూలదు. పాఠశాలాంతరము మొదలయిన కొలదిదినములలో కోర్సును చేర్చుకొనవచ్చును, విడువవచ్చును. సామాన్యముగా పట్టికలో దాని జాడయే యుండదు. ఆ గడువు దాటి విడిచినచో 'డబ్ల్యూ' అను అక్షరము నిలుచును. అది తప్పుట కాదు, సాధారణముగా మార్కుల సగటులో చేరదు. కాని రుసుము తిరిగి వచ్చుట నానాటికి తగ్గును. తుదిగడువు కూడ దాటెనా, వచ్చిన మార్కే గతి. ఈ తేదీలు ఒక్కొక్కచోట ఒక్కొక్క విధము.

పరదేశ విద్యార్థికి మాత్రము మఱియొక ముడి కలదు. ఎఫ్-1 వీసాపై బి.ఎస్. చదువువాడు సామాన్యముగా పాఠశాలాంతరమునకు 12 క్రెడిట్లకు తగ్గరాదు. విశ్వవిద్యాలయమున అందుకై నియమింపబడిన యధికారి అనుమతి ముందుగా పొందక తగ్గినచో, ఆ దేశమున నుండు అర్హతకే ముప్పు.

కావున నేనాయనతో, "బాబాయిగారూ, ఎందుకు విడిచితివని గద్దింపకుడు. ఇంకను ఎన్ని క్రెడిట్లు మిగిలినవో అడుగుడు" అంటిని. ఆ రాత్రి టెలిఫోనులో మనుమడు, మొదటివారముననే ఒకటి విడిచి వేఱొకటి చేర్చుకొంటిననియు, పదునైదు క్రెడిట్లు ఉన్నవనియు చెప్పెను. పెద్దాయన ఊపిరి పీల్చుకొని, నావైపు తిరిగి, "అట్లయిన విడిచినదానికి కట్టిన డబ్బు దీనికి చెల్లునా?" అని అడిగిరి.