కోరంటి కాలంలో గల్లీ బడి

హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని పాత మనుషులు ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైన్ అనే ఇంగ్లీషు మాట జనం నోట్లో నలిగి నలిగి కోరంటి అయింది. నిజాం జమానాలో అంటురోగం వచ్చినవాళ్లను ఊరికి ఎడంగా ఉంచడానికి పుట్టిన దవాఖానా అది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద ఈ నగరంలో వేల ప్రాణాలు తీసింది. మూడేళ్లకే, 1911లో, ప్లేగు వచ్చిపడింది. ఈ రెండు దెబ్బల తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ ఏడాదే ఇన్‌ఫ్లుయెంజా దేశాన్ని ఊడ్చేసింది.

ఇదంతా పుస్తకాల్లో ఉంది. కట్టడాల చరిత్ర ఉంది, ఫర్మానాల చరిత్ర ఉంది. లేనిదల్లా బడి చరిత్ర. ప్లేగు నెలల్లో మొహల్లా పిల్లలకు అలిఫ్ బే దిద్దించిన ఉస్తాద్ ఏమయ్యాడు? ఇళ్లు వదిలి పోయిన కుటుంబాల పిల్లలు మళ్లీ పలక పట్టారా? తల్లులు ఇంట్లో ఏం చెప్పుకున్నారు? మనకు తెలియదు. ఎవరూ రాసి పెట్టలేదు. పెద్ద చదువు చరిత్రకెక్కింది, పసిపిల్లల చదువు గాలిలో కలిసిపోయింది.

నూరేళ్ల తర్వాత మళ్లీ కోరంటి వచ్చింది. ఈసారి దాని పేరు లాక్‌డౌన్. తెలంగాణలో 2020 మార్చి 16 నుంచి బడులు మూశారు. మార్చి 21న రాష్ట్ర ప్రభుత్వం కోవిడ్ నిబంధనలు జారీ చేసింది. వాటికి ఆధారం 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయి ప్లేగును అణచడానికి తెల్ల ప్రభుత్వం చేసుకున్న చట్టమది. తెల్లవాడు పోయినా చట్టం పోలేదు. మార్చి 25 నుంచి దేశమంతా తాళం పడింది.

మొదట మార్చి 31 దాకానే అన్నారు. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు బడి తలుపు మళ్లీ తెరుచుకున్నది 2021 సెప్టెంబర్ 1న. మధ్యలో పెద్ద తరగతుల్ని కొన్ని వారాలు పిలిచారు, మళ్లీ పంపేశారు. చిన్నవాళ్లను పిలవనే లేదు. పదిహేడున్నర నెలలు! యూకేజీలో ఇంటికి పోయిన పిల్ల రెండో తరగతిలో బడికొచ్చింది. ఒకటో తరగతి గది ఎట్లా ఉంటుందో ఆ పిల్ల చూడనే లేదు.

ఈ పదిహేడున్నర నెలలు దేశంలోని పిల్లలందరివీ. ఇందులో ముస్లింల గోడు వేరే ఏముందని మిత్రులు అడుగుతారు. మా లౌకికవాద మిత్రులే అడుగుతారు. ఉంది. చెప్తాను.

2020 మార్చి 30 రాత్రి తెలంగాణ ప్రభుత్వం ఒక ప్రకటన ఇచ్చింది. ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్లొచ్చిన ఆరుగురు కరోనాతో చనిపోయారన్నది ఆ వార్త. చనిపోయినవాళ్ల కోసం దుఃఖపడడానికి కూడా టైం ఇవ్వలేదు. తెల్లారేసరికి జబ్బుకు మతం పుట్టింది. కరోనా జిహాద్ అనే మాట సెల్‌ఫోన్లలో ఊరేగింది. టీవీలు రోజూ పాజిటివ్ కేసుల్ని మర్కజ్ లెక్కలో వేరుగా చూపించాయి. పండ్ల బండి వాడిని పేరడిగి కొనే రోజులొచ్చాయి. ఆ బండి వాడి కూతురే మా గల్లీ బడిలో రెండో తరగతి. బండి కదలకపోతే ఫీజు కదలదు. ఫీజు కదలకపోతే టీచర్ జీతం కదలదు. జబ్బుకు పెట్టిన మతం పేరు ఆ దారిన చివరికి పలక దాకా వచ్చింది.

ఉర్దూ ముక్క రాని దూదేకుల కుటుంబాలకూ ఈ మచ్చ తప్పలేదు. ఇంట్లో తెలుగు, బడిలో తెలుగు, పొలం పనిలో తెలుగు. అయినా పేరు పక్కన సాయిబు అని ఉంటే చాలు. మన అష్రాఫ్ పెద్దలు మామూలు రోజుల్లో వీళ్లను పూర్తి ముస్లింలుగా లెక్కించరు. నింద పడ్డ రోజున మాత్రం వాటా సమానంగా పంచారు.

న్యాయం రాలేదని అనను. 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేసింది, వాళ్లను బలిపశువుల్ని చేశారన్నది. ఢిల్లీలో ఆ విదేశీయులకు ఆశ్రయమిచ్చారన్న 70 మంది భారతీయుల మీది కేసుల్ని ఢిల్లీ హైకోర్టు 2025 జూలైలో కొట్టేసింది. అయిదేళ్లు! నింద ఒక్క రాత్రిలో వచ్చింది, తీర్పు అయిదేళ్లకు వచ్చింది. ఆ అయిదేళ్లలో ఒకటో తరగతి పిల్లవాడు ప్రైమరీ దాటిపోతాడు.

ఇక బడి సంగతి.

పాతబస్తీలో బడి అంటే ఆటస్థలం, గేటు, గంట ఉన్న బడి కాదు. రెండంతస్తుల అద్దె ఇల్లు. కింద వంటగది ఒకప్పుడు, ఇప్పుడు నర్సరీ. పైన రేకుల షెడ్డులో నాలుగూ అయిదూ. బోర్డు మీద ఇంగ్లీషు మీడియం. టీచర్లు ఆ గల్లీ ఆడపిల్లలే. ఇంటరో డిగ్రీయో చదివి, దూరం పోయి ఉద్యోగం చేయడానికి ఇంట్లో ఒప్పుకోక, నడిచిపోయే దూరంలో దొరికిన పని పట్టుకున్నవాళ్లు. పిల్లలు వీళ్లను టీచర్ అంటారు, ఇంటికొస్తే ఆపా అంటారు. ముస్లింల చదువంటే మదర్సాయే అనుకునేవాళ్లు ఈ గల్లీల్లో ఒక్క ఉదయం నిలబడాలి. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాకు పోయేవాళ్లు నూటికి నలుగురికి మించరని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. అదే కమిటీ ఇంకో మాటా చెప్పింది. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు బడి ముఖం చూడనివాళ్లో, మధ్యలో మానేసినవాళ్లో. మొదటి మాట ఎవరికీ గుర్తులేదు. రెండో మాట మీద పని చేస్తున్నవి ఈ అద్దె ఇళ్ల బడులే.

యాకుత్‌పురా దగ్గర అలాంటి ఒక బడి నడిపే ఆమెతో విలేకరిగా నేను చాలాసార్లు మాట్లాడాను. పేరు రాయొద్దంది. మార్చిలో తాళం పడ్డాక నెల రోజులు ఏమీ తోచలేదట. ఏప్రిల్ 25న రంజాన్ మొదలైంది. మసీదుల్లో జమాత్ లేదు, తరావీ ఇళ్లలోనే. బతుకులో మొదటిసారి మగవాళ్లంతా పొద్దస్తమానం ఇంట్లో ఉన్నారు, వాళ్లతో పాటు వాళ్ల ఫోన్లూ ఇంట్లో ఉన్నాయి. ఆమెకు దారి అక్కడ దొరికింది. హాజిరీ రిజిస్టర్‌లో మూడు గళ్లు గీసింది. తల్లి దగ్గర ఫోన్ ఉన్న పిల్లలు ఒక గడి, తండ్రి దగ్గర మాత్రమే ఉన్నవాళ్లు ఒక గడి, ఫోనే లేనివాళ్లు మూడో గడి. మూడో గడి అన్నింటికంటే పొడుగు.

మొదటి గడి పిల్లలకు వాట్సాప్‌లో పగలే పాఠం. వీడియో కాదు. వీడియోకు డేటా అయిపోతుంది. మాటలే రికార్డు చేసి పంపడం. పుస్తకం ఇంగ్లీషు, వివరించేది ఇంటి భాష దఖ్నీలో. తాళం తీశాక తండ్రులు పనికి పోయారు, ఫోన్లు వాళ్లతో పోయాయి. రెండో గడి పిల్లలకు పాఠం ఇషా నమాజ్ తర్వాతకు జరిగింది. ఆటో తోలి వచ్చిన తండ్రి అన్నం తింటుంటే పిల్ల పక్కన కూర్చుని టీచర్ గొంతు వినేది. మూడో గడి పిల్లలకు ఒక నోటుబుక్కు. శనివారం టీచర్ అందులో లెక్కలూ రాతలూ వేసి కిరాణా దుకాణంలో పెడుతుంది. ఉప్పూ నూనె కోసం వచ్చిన తల్లి తీసుకుపోతుంది. తర్వాతి శనివారం మళ్లీ అదే దుకాణానికి చేరుతుంది. ఎర్ర సిరాతో దిద్ది మళ్లీ పంపేది.

బడి అంటే కట్టడం కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

అక్టోబర్‌లో మరో దెబ్బ. 2020 అక్టోబర్ 13, 14 తేదీల వానకు, నాలుగు రోజుల తర్వాత కురిసిన వానకు ఫలక్‌నుమా, హాఫిజ్ బాబానగర్ చుట్టుపక్కల ఇళ్లు మునిగాయి. 1908 వరద కథలు తాతల నోట విన్నవాళ్లు ఈ వరద కళ్లారా చూశారు. బియ్యంతో పాటు పుస్తకాలు, ఛార్జర్లు, ఎర్ర సిరా నోటుబుక్కులు కొట్టుకుపోయాయి. తడిసిన రిజిస్టర్ ఆరబెట్టుకుని, పేర్లు కొత్త పుస్తకంలో ఎక్కించుకుని మళ్లీ మొదలుపెట్టారు.

ప్రభుత్వం ఏమీ చేయలేదా? చేసింది. 2020 సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు ప్రసారం చేసింది. మూడో తరగతి నుంచి పది దాకా. ఒకటీ రెండూ తరగతుల పిల్లలు ఆ లెక్కలో లేరు. అక్షరం దిద్దే వయసు పిల్లను వదిలేసి, అక్షరం వచ్చిన పిల్లకు పాఠం చెప్పారు. టీవీలో గొంతుకు ప్రశ్న అడగలేము. ఇంట్లో దఖ్నీ, బోర్డు మీద ఇంగ్లీషు, టీవీలో వేరే పుస్తకం. ఈ మూడింటి మధ్య ఏడేళ్ల పిల్ల ఎక్కడ కూర్చోవాలి? నూరేళ్ల కిందట ఇదే నగరంలో రసాయన శాస్త్రాన్నీ వైద్యాన్నీ ఉర్దూలోకి తెచ్చుకోవడానికి దారుల్ తర్జుమా పెట్టుకున్నాం. 1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ మీడియం పోయింది. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు. పదవి భాషకు వచ్చింది, పాఠం పసిపిల్ల నోటికి రాలేదు.

2021 ఏప్రిల్‌లో ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించారు. మంచిదే. బడులు మూసిన పదమూడో నెలలో వచ్చింది. అదీ గుర్తింపు ఉన్న బడుల సిబ్బందికి. గుర్తింపు లేని అద్దె ఇంటి ఆపా టీచర్ కాదన్నమాట! అప్పటికి ఆమె తోటివాళ్లలో ఒకరు మాస్కులు కుట్టింది, ఒకరు మెహందీ పెట్టడానికి పోయింది, ఒకరికి పెళ్లి చేసి పంపేశారు. మే 12 నుంచి జూన్ 19 దాకా రెండో లాక్‌డౌన్. ఈద్ మే 14న. ఆ ఈద్‌కు జీతం చేతికొచ్చిన గల్లీ టీచర్‌ను నేను చూడలేదు.

దేశం లెక్క ఇది. 2021 ఆగస్టులో జాన్ ద్రెజ్ తదితరులు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని పేద కుటుంబాల పిల్లల మధ్య సర్వే చేశారు. పల్లెల్లో క్రమంగా ఆన్‌లైన్ చదువు సాగినవాళ్లు నూటికి 8 మంది. పట్టణాల్లో 24 మంది. చదువే లేనివాళ్లు పల్లెల్లో 37 మంది, పట్టణాల్లో 19 మంది. ఈ అంకెల్లో కిరాణా దుకాణంలో చేతులు మారిన నోటుబుక్కు ఏ గడిలో పడుతుంది? ఆన్‌లైన్ కాదు, బడీ కాదు.

ఇక్కడ మనవాళ్లతో కూడా ఒక మాట. బస్తీలో షాదీఖానాలు కట్టిన పెద్దలున్నారు. రంజాన్‌లో రేషన్ కిట్లు పంచిన పెద్దలున్నారు, ఫోటోలతో సహా. జకాత్ పుచ్చుకునేవాళ్ల జాబితాలో గల్లీ టీచర్ పేరు మాత్రం కనిపించలేదు. ఆమె చేయి చాపలేదు, వీళ్లు తలుపు తట్టలేదు. ఆడపిల్ల చదువు చెప్పడం పుణ్యకార్యమే కానీ పని కాదనే భావం మనలో ఎంత లోతున ఉందో ఆ ఏడాదిన్నర బయటపెట్టింది. బడి మానిన మగపిల్లవాడు గాజుల కార్ఖానాకో మెకానిక్ షెడ్డుకో పోతే నాలుగు రూపాయలు తెస్తున్నాడని సంతోషించాం. ఆడపిల్ల ఇంటిపట్టునే ఉందని ఇంకా సంతోషించాం.

బడులు తెరిచాక ఇంకో సమస్య. పాత ఫీజు బాకీ ఉందని కొన్ని బడులు టీసీ ఆపాయి. టీసీ ఆలస్యమైందని ఏ బడీ పిల్లను చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. ఆ సంగతి ఏ తల్లికీ తెలియదు. చెప్పాల్సిన చదువుకున్నవాళ్లం మనం చెప్పలేదు. యాకుత్‌పురా ఆమె బాకీ ఉన్నవాళ్లకు కూడా టీసీలు ఇచ్చేసింది. పిల్లలు తగ్గారు, పై అంతస్తు అద్దె వదులుకుంది. కింది గదుల్లో బడి నడిపింది.

పేరు ఎందుకు రాయొద్దన్నదో చెప్పాలి. ఆమె బడికి గుర్తింపు కాగితాలు పూర్తిగా లేవు. పేరు అచ్చులో వస్తే మెచ్చుకునేవాడికంటే ముందు నోటీసు పట్టుకుని వచ్చేవాడు ఉంటాడని భయం. ఆ భయం అబద్ధం కాదు. చరిత్రలో మన ఆడవాళ్ల పేర్లు ఎందుకు ఉండవో అక్కడ నాకు కొంత అర్థమైంది.

పేరు లేకపోతే ఏమవుతుంది? సావిత్రీబాయి ఫూలే 1897 మార్చి 10న పూనాలో ప్లేగు రోగులకు సేవ చేస్తూ అదే ప్లేగుతో చనిపోయింది. ఆమె 1856లో భర్తకు రాసిన ఒక ఉత్తరంలో ఫాతిమా ప్రస్తావన ఉంది. బడి పనిలో ఆమెకు తోడు నిలిచిన ఫాతిమా షేక్ ఈమేనని మనం చెప్పుకుంటున్నాం. మిగిలింది ఆ కొద్దిపాటి ప్రస్తావనే. అది చాలదని, ఫాతిమా షేక్ కల్పిత పాత్ర అని 2025 జనవరిలో వాదం లేచింది. ఒక మనిషి బతికిందా లేదా అని నూట యాభై ఏళ్ల తర్వాత మనమే రుజువు చూపించాల్సి వచ్చింది. హాజిరీ రిజిస్టర్ ఒక్కటి మిగిలి ఉంటే ఆ వాదం లేచేది కాదు.

అందుకే అడుగుతున్నాను. 2020 మార్చి నుంచి 2021 సెప్టెంబర్ దాకా మీ గల్లీలో ఎవరు చదువు చెప్పారు? ఎవరి మేడ మీద, ఎవరి ఫోన్‌లో, ఏ దుకాణం ద్వారా? ఆ నోటుబుక్కులు పాత సామాను వాడికి వేయకండి. ఆ టీచర్ ఒప్పుకుంటే ఆమె పేరు, ఆమె తల్లి పేరు, చెప్పిన తరగతి, తీసుకున్న జీతం, అందని జీతం రాసి పెట్టండి. ఉర్దూలో రాయండి, తెలుగులో రాయండి, దఖ్నీని తెలుగు లిపిలో రాయండి. మనల్ని జబ్బు మోసుకొచ్చినవాళ్లుగా రాసిన కాగితాలు పోలీస్ స్టేషన్లలో భద్రంగా ఉన్నాయి. చదువు మోసుకొచ్చినవాళ్ల కాగితాలు మన ఇళ్లలోనే ఉన్నాయి, ఇంకా చెదలు పట్టలేదు.